నంబరు రాయికి పసుపు

మా టమాటా తోట కింద పెట్రోలు పైపు పోతుంది. చింతామణి నుంచి మురుగమల్ల పోయే దారిలో మా ఊర్లో దిగినవాళ్ళకి అది కనపడదు. కనపడేది గట్టు మీది రాయి ఒక్కటే. దాని మీద కన్నడంలో ‘తుర్తు’ అని, కింద ఒక నంబరు. తుర్తంటే ఆపద వేళ అని.

నేను బడికి పోలేదు. మా నాయన దేవుని పటం ముందర కూర్చోబెట్టి తెలుగు దిద్దించినాడు. కన్నడ అక్షరాలు మన అక్షరాలకు అక్కచెల్లెళ్ళే కాబట్టి అవీ కూడబలుక్కుంటాను. ఆ మాత్రం ఇచ్చినందుకు దేవునికి రోజూ దండం పెట్టుకుంటాను. మా యారాలు, అంటే మరిది భార్య, చిక్కబళ్ళాపురలో డిగ్రీ చదివింది.

పైపు కంపెనీవాళ్ళు ఏడాదికొకసారి వచ్చి ఊర్లో సభ పెడతారు. వాసన వస్తే నిప్పు ముట్టించకూడదు, మోటారు వేయకూడదు, గాలికి ఎదురుగా దూరం పోయి అప్పుడు ఫోను చేయాలి. నాకు కంఠపాఠం. ఒక సభలో ఆఫీసరు, ఊరి తరఫున ఒకరి పేరు మా దగ్గర ఉండాలన్నాడు. నేను చెయ్యెత్తబోయేలోపల మా అత్త అందుకుంది.

“చిన్నకోడలి పేరు రాసుకోప్పా. కన్నడం, ఇంగ్లీషు రెండూ వస్తాయి.”

యారాలికి ఒక కార్డు, ఒక టోపీ ఇచ్చినారు. ఆ టోపీ పెట్టుకునే కాయలు కోసేది. చూసినప్పుడల్లా నా కడుపు మండేది. పెద్దకోడలిని నేను. దినాము ఆ గట్టు తొక్కేది నేను.

నారు నాటే ముందు గట్టు రాళ్ళకు పసుపు కుంకుమ పెట్టడం మా ఆడవాళ్ళ ఆచారం. ఆ యేడు నంబరు రాయికి కూడా పెట్టినాను, అన్నిటికన్నా దట్టంగా. పేరు ఆమెదైతే ఏమి, రాయి నాది అనుకున్నాను. పైకి మాత్రం భక్తి అనే చెప్పుకున్నాను.

పోయిన వానాకాలంలో ఒక పొద్దున పూలకని పోతే గట్టు దగ్గర గుప్పున పెట్రోలు వాసన. కాలవ నీళ్ళ మీద రంగులు తేలుతున్నాయి. అవతల మరిది మోటారు వేయడానికి స్టార్టరు మీద చెయ్యి పెట్టబోతున్నాడు.

“వేయొద్దప్పా, వాసన వస్తాండాది. దూరం రా.”

ఆయన ఆగినాడు. నేను ఇంటికి పరిగెత్తి యారాలికి చెప్పవలసింది. చెప్పలేదు. నంబరు చూసుకుని దూరం పోయి నేనే ఫోను చేస్తాను, నా పేరే చెప్తాను అనుకుని రాయి దగ్గరికి పోయినాను. నంబరు మీద కుంకుమ గట్టిగా పట్టుకుని ఉంది. కొంగుతో రుద్దితే పసుపుతో పాటు పెయింటూ ఊడింది. చివరి రెండంకెలు పోయినాయి. వాసన తలకెక్కుతున్నా గీకుతూనే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. ఆఖరికి ఇంటికి పరిగెత్తినాను.

యారాలు పొయ్యి మీద రాగిముద్ద కెలుకుతూ ఉంది. నా మాట విని పొయ్యి ఆర్పి ఫోను తీసింది. నంబరు చూడను కూడా చూడలేదు, నోటికే వచ్చు. ఊరు, గట్టు, గాలి ఎటు వీస్తున్నదీ, అన్నీ తడుముకోకుండా చెప్పింది. వాళ్ళు అటూ ఇటూ వాల్వులు మూసినారు. పొద్దెక్కేసరికి బండ్లు వచ్చినాయి. చిన్న చిల్లేనట. ఎవరికీ ఏమీ కాలేదు.

ఆఫీసరు యారాలిని మెచ్చుకున్నాడు. ఆమె నన్ను ముందుకు లాగింది.

“ముందు పసిగట్టింది మా అక్క సార్. మోటారు ఆపింది కూడా ఈమే. ఈమె పేరూ రాసుకోండి.”

ఆయన రాసుకున్నాడు. తర్వాత రాయిని చూసి, నంబరు ఎవరు చెరిపినారని అడిగినాడు. నేను కొంగు వెనక్కి దాచుకోబోయినాను. యారాలు నా కొంగు వైపు చూసింది. కుంకుమ, పెయింటు రెండూ అంటుకుని ఉన్నాయి.

“వానకు పోయింటుంది సార్” అనింది.

ఆ సాయంత్రం దేవునికి దీపం పెట్టినాను. అందరి ప్రాణాలు కాచినందుకు మనస్ఫూర్తిగా దండం పెట్టుకున్నాను. కుళ్ళు మాత్రం పోలేదు. అంతవరకు ఆమె చదువు ఒక్కటే నాకు లేదనుకున్నాను. ఆమె చోట నేనుంటే ‘వానకు పోయింటుంది’ అని ఉండను.