దొరసాని పడుకున్న పరుపు

మా మామయ్య పరుపులు కుట్టేవాడు. మాట్లాడేదే తక్కువ. మాట్లాడినా నోట్లో దారప్పోగు ఉండేది కాబట్టి సగం మనమే ఊహించుకోవాలి. పిల్లలు లేరు. దొరసాని అనే బూడిదరంగు పిల్లి ఉండేది. కొత్త పరుపు కుట్టగానే మామయ్య దాన్ని కొట్టు మధ్యలో పరిచేవాడు. దొరసాని వచ్చి, అన్ని మూలలూ తొక్కి చూసి, నడుమ ముడుచుకుని పడుకునేది. అది నిద్ర లేచి వెళ్ళాకే పరుపు గడప దాటాలి. ఎక్కడైనా దూది ఉండకట్టి ఉంటే అది పడుకోదని ఆయన నమ్మకం. ఇంతకంటే పనికిమాలిన నమ్మకాల మీద పెద్ద పెద్ద కంపెనీలే నడుస్తున్నాయి కాబట్టి నేను నవ్వలేదు.

దొరసాని ముసలిదై, ఒక మధ్యాహ్నం దూది కుప్పలోనే కన్నుమూసింది. పెరట్లో పూడ్చిపెట్టాం. మర్నాడు మామయ్య మామూలుగానే పనిలో కూర్చున్నాడు. కానీ కుట్టిన పరుపు ఒక్కటీ బయటికి ఇవ్వలేదు. గోడకు నిలబెడుతూ పోయాడు.

"పిల్లి పోతే కొట్టు మూసుకుంటారా? పరుపులు పురమాయించిన ఆ లాడ్జి మేనేజరు రోజూ వచ్చి నా ప్రాణం తోడేస్తున్నాడు!" అంది అత్తయ్య.

"అది చూడలేదుగా," అన్నాడు మామయ్య.

"చూడ్డానికి అదేమన్నా ఇంజనీరా?"

ఏదో ఒక పిల్లి పడుకుంటే ఆయన మనసు కుదుటపడుతుందని, వీధిలో తిరిగే ఎర్రపిల్లిని పట్టుకొచ్చాను. అప్పుడే కుట్టి పరిచిన పరుపు మీద వదిలాను. అది కాస్త నడిచి ఆగింది. ఒంటి మీద వెంట్రుకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. ఖాళీగా ఉన్న నడుమకేసి చూస్తూ వెనక్కి వెనక్కి జరిగి, నా చెయ్యి రక్కి పారిపోయింది.

అప్పుడు చూశాను. పరుపు నడుమ గుండ్రంగా గుంట.

"అత్తయ్యా, నువ్వేనా మోచేత్తో నొక్కింది?"

"నువ్వే అనుకున్నాన్రా," అంది. గొంతులో ఎప్పటి దురుసు లేదు.

అంతలో లాడ్జి మేనేజరు వచ్చాడు. "ఇవాళ తేల్చెయ్యండి మాస్టారూ! గదుల్లో జనం చాపల మీద పడుకుని నన్ను తిట్టిపోస్తున్నారు," అంటూ గోడకున్న పరుపుల్ని తనే కిందికి లాగాడు. ఇద్దరం ఒక్కొక్కటీ పరిచాం. ప్రతిదాని నడుమా అదే గుంట, సరిగ్గా ఒక పిల్లి పట్టేంత. నిలబెట్టిన పరుపు మీద ఏ ప్రాణి పడుకోగలదు?

మామయ్య మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో గుంటనూ అరచేత్తో తాకి చూశాడు. "చల్లారింది. తీసుకెళ్ళండి. ఇదీ తీసుకెళ్ళండి."

మేనేజరు ముఖం విప్పారింది. గబగబా అన్నీ చుట్టి కట్టేశాడు. ఆఖరికి, ఎర్రపిల్లి దిగి పారిపోయిన పరుపు దగ్గరికొచ్చి, వంగినవాడు వంగినట్టే ఆగిపోయాడు. గుంటలో పెట్టిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"వెచ్చగా ఉందండీ," అన్నాడు గొంతు తగ్గించి.

"దాన్నలా ఉండనివ్వండి," అన్నాడు మామయ్య. "ఇంకా లేవలేదు."

అత్తయ్య చప్పుడు కాకుండా వెళ్ళి, పరుపు మీద ఎండ పడకుండా కిటికీ రెక్క దగ్గరికి వేసింది.