నెబ్రాస్కా భూమికి పక్కింటి సాక్ష్యం

మా తమ్ముడు నాకంటే ఒక్క ఏడాది చిన్న. వాడి పక్కన, వాడి క్లాసులో కూర్చుని చదువుకోవలసిన గండం నాకు పదహారో ఏట వచ్చింది. ఆ గండానికి కారకులు ఎప్పుడో పందొమ్మిదో శతాబ్దపు అమెరికా వాళ్ళు.

అది కరోనా వచ్చిన ఏడాది. అంతకుముందు మేమిద్దరం అబుదాబి సిటీలో ఇండియన్ సిలబస్ స్కూల్లో చదివేవాళ్ళం. ఆ స్కూలు బస్సులు ఆగిపోయాయి. మా నాన్న ముసఫ్ఫాలో ఒక స్టీలు వర్క్‌షాపులో డ్రాయింగులు గీస్తాడు, మమ్మల్ని దింపి రావడానికి ఆయనకి తీరిక లేదు. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా విల్లాకి రెండు సందుల అవతలే అమెరికన్ సిలబస్ స్కూలు ఉంది కదా అని ఇద్దర్నీ అందులో పడేశాడు. నేను పదకొండులో, తమ్ముడు పదిలో. అక్కడ పదకొండో క్లాసులో అమెరికా చరిత్ర పాసు కాకపోతే పన్నెండులోకి పంపరట. మళ్ళీ పదకొండే చదవాలి. వచ్చే ఏడు ఆ పదకొండులోకి ఎవరు ఊడిపడతారో వేరే చెప్పనక్కర్లేదు.

ఈ సంగతి వాడికి నాకంటే ముందే అర్థమైంది. "కిటికీ పక్క సీటు నీకే వదిలిపెడ్త అక్కా" అన్నాడు అన్నం తింటూ. "హోంవర్కు గూడ నన్నడిగే చేస్కో, ఫికర్ చెయ్యకు." పళ్ళెం వాడి నెత్తిన బోర్లిద్దామనుకున్నాను. చేతులు ఎంగిలిగా ఉన్నాయని ఊరుకున్నాను.

ఇక ఆ క్లాసు సంగతి. అమెరికా చరిత్ర చెప్పే మేడమ్ లెబనాన్ ఆవిడ. వినేవాళ్ళలో ఈజిప్టు వాళ్ళు, సూడాన్ వాళ్ళు, సిరియా వాళ్ళు, ఫిలిప్పీన్స్ వాళ్ళు, ఈ దేశం వాడే అయిన ఒక ఎమిరాతీ అబ్బాయి, నేను. అమెరికా వాళ్ళు మందుకి కూడా లేరు. మేడమ్‌కి అది లోటుగా తోచేది కాదు. ఉత్తరాది, దక్షిణాది యుద్ధం గురించి చెబుతుంటే వాళ్ళ ఊళ్ళో జరిగిన గొడవ చెబుతున్నట్టే ఉండేది. బల్ల మీద చేత్తో కొట్టి, "యల్లా, కానివ్వండి, చెప్పండి, మీరైతే ఏ వైపు ఉండేవాళ్ళు?" అని అడిగేది. అంతా ఒక్కసారిగా అరిచేవాళ్ళు. నేను మాత్రం పుస్తకంలో ఆ ప్రశ్నకి జవాబు ఏ పేజీలో ఉందా అని వెతుక్కునేదాన్ని.

నాకు తెలిసిన చదువు ఒకటే, మింగెయ్యడం. మొదటి పరీక్షకి రైలు మార్గాల పాఠం మొత్తం బట్టీ పట్టి, అక్షరం పోకుండా దింపేశాను. చాలా బాగా రాశానని ఈల వేసుకుంటూ ఇంటికి కూడా వచ్చాను. పేపర్లు ఇచ్చిన రోజు మేడమ్ నన్ను తన బల్ల దగ్గరికి పిలిచింది. జవాబు మధ్యలో ఒక వాక్యం కింద ఎర్ర గీత ఉంది. "కింది పటంలో చూడండి" అని రాశాను. కింద పటమేమీ లేదు. ఆవిడ నేను కాపీ కొట్టాననుకుంది.

"లేదు మేడమ్, నోటికి వచ్చు" అన్నాను.

"అయితే చెప్పు."

నేను కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. ఆగకుండా చెప్పుకుపోతూ, పటం దగ్గరికి వచ్చేసరికి "కింది పటంలో చూడండి" అని కూడా అనేశాను. కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ కళ్ళజోడు తీసి ముక్కు నొక్కుకుంటోంది. కాపీ కాదని నమ్మింది గాని, మార్కులు మాత్రం ఇంట్లో చెప్పుకోదగ్గవి కావు. "ఇది పుస్తకం జ్ఞాపకం. నీ జ్ఞాపకం నాకు కావాలి" అంది. పుట్టక ముందటి సంగతులు నాకెలా జ్ఞాపకం ఉంటాయమ్మా అని లోపల విసుక్కున్నాను.

ఆ తరవాత మిగిలిన ఆశ ఏడాది చివరి ప్రాజెక్టు. దానికి బోలెడు మార్కులు. అది పాసైతే గట్టెక్కినట్టు, లేకపోతే కిటికీ పక్క సీటు.

ప్రాజెక్టు ఇలా. పందొమ్మిదో శతాబ్దం మధ్యలో అమెరికా ప్రభుత్వం పడమటి మైదానాల్లో భూములు పంచింది. కావలసినవాళ్ళు వెళ్ళి నూట అరవై ఎకరాలకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. అక్కడ ఇల్లు కట్టాలి, దున్నాలి, అయిదేళ్ళు నివాసం ఉండాలి. ఒకేసారి ఆరు నెలలకి మించి ఆ చోటు వదిలి వెళ్ళకూడదు. అయిదేళ్ళు నిండాక ఇద్దరు సాక్షుల్ని వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళి, నేను నిజంగానే ఉన్నానని రుజువు చేసుకోవాలి. అప్పుడు భూమి సొంతం. మాలో ఒక్కొక్కరూ ఒక్కొక్క కుటుంబమై కథ చెప్పాలి. మేడమ్ ఆఫీసరు. మా పక్క పొలాల వాళ్ళుగా ఇద్దరు సాక్షుల్ని తెచ్చుకోవాలి.

ఇంట్లో చెబితే అమ్మ చేతిలో ఉన్న బీరకాయ పక్కన పెట్టింది. జగిత్యాల వైపు రైతుల ఇంటి పిల్ల, భూమి మాట వస్తే చెవులు నిక్కుతాయి.

"అయిదేండ్లుంటే నూటరువై ఎకరాలు రాసిచ్చిండ్రా?"

"ఇచ్చారమ్మా."

"మీ నాన ఈడికొచ్చి పద్దెనిమిదేండ్లాయె. రెండేండ్లకోపారి వీసా కొడ్తున్రు గంతే." నవ్వింది. అంతలోనే, "అంతకుముందు ఆ భూమి ఎవ్వరిది మరి?" అంది.

"అక్కడి ఆదివాసులది. వాళ్ళని తరిమేశారు."

"ఔ మల్ల. ఊకె ఎట్ల ఇస్తరు" అని మళ్ళీ బీరకాయ అందుకుంది. ఆ మాట నా కథలో మొదటి వాక్యం చేసుకున్నాను. పుస్తకంలో లేని మాట నేను రాసుకోవడం అదే మొదలు.

ఇక్కడ మా విల్లా గురించి, పక్కింటి ఆంటీ గురించి చెప్పాలి. విల్లా అంటే గొప్పగా ఉంటుంది గాని, ఒక పెద్ద ఇంటిని పలకలు అడ్డంపెట్టి కోసి నాలుగైదు కుటుంబాలకి ఇచ్చారు. అలా పార్టిషన్లు పెట్టినా, రోడ్డు మీద మొక్కలు పెంచినా మునిసిపాలిటీ వాళ్ళు జరిమానా వేస్తారు. మా వంటింటికీ ఆంటీ వంటింటికీ మధ్య ఉన్నది ఒక చెక్క. ఆవిడ తాలింపు వేస్తే మేం తుమ్ముతాం. రాజమండ్రి వైపు ఆవిడ, నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. కరోనా ముందు మా పిన్ని పెళ్ళికని అమ్మ ఇండియా వెళ్ళి, విమానాలు ఆగిపోయి అక్కడే ఇరుక్కుపోయింది. అప్పుడు మా ముగ్గురి కడుపులూ చూసుకున్నది ఆంటీయే.

ఆ రోజుల్లో మా విల్లా మొత్తానికి ఒకటే బెంగ, ఆరు నెలలు. గల్ఫ్‌లో ఉండేవాళ్ళకి అది తెలియనిది కాదు. దేశం దాటి ఆరు నెలలు బయట ఉంటే వీసా పోతుంది. అందుకే కాన్పులకీ, జబ్బులకీ ఇంటికి వెళ్ళినవాళ్ళు ఆరు నెలలు నిండకముందే ఒకసారి పరుగెత్తుకొచ్చి, మొహం చూపించి మళ్ళీ వెళుతుంటారు. అమ్మకి ఆ దారీ లేదు. ఆరు నెలలు దాటిపోయాయి. కరోనా కాబట్టి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు, అమ్మ వచ్చేసింది. అయినా ఆంటీకి మాత్రం ఆ అనుమతి మీద నమ్మకం కుదరలేదు. "ఎప్పుడైనా పిలిచి అడుగుతారు వదినగారూ, గట్టిగా ఉండాలి" అని అమ్మని హెచ్చరిస్తూనే ఉండేది.

కరోనా అని క్లాసుని రెండు జట్లు చేసి, ఒక వారం స్కూల్లో, ఒక వారం ఇంటి నుంచి చదివించేవాళ్ళు; ప్రాజెక్టు చెప్పవలసిన వారం మా జట్టుకి ఇంటి నుంచి క్లాసు. హాల్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాను. తెర మీద మేడమ్ నల్లకోటు వేసుకుని, జుట్టు బిగించి కట్టుకుని, వెనక ఏదో ప్రభుత్వ ఆఫీసు బొమ్మ పెట్టుకుని, చేతిలో నిజమైన స్టాంపు పట్టుకుని ఉంది. నేను నెబ్రాస్కాలో మట్టిపెళ్ళలతో కట్టిన ఇంటి గురించి, మిడతల గురించి, ఎవరిని తరిమిన నేల మీద నాగలి పెట్టానో దాని గురించి చెప్పాను. ఈసారి పటం చూడమని ఎవరికీ చెప్పలేదు. మేడమ్ తల ఊపింది. నా మొదటి సాక్షి, ఈజిప్టు అమ్మాయి, అదరగొట్టింది. రెండో సాక్షి సూడాన్ అబ్బాయి. "నేను ఈమె పొలం పక్కనే..." అన్నాడు. అక్కడితో వాడి నెట్ పోయింది.

ఎదురు చూశాం. వాడు రాలేదు. మేడమ్ స్టాంపు బల్ల మీద పెట్టేసింది. "ఒక్క సాక్షితో భూమి రాదు. చట్టం అంతే. యల్లా, ఇంకొకరిని తీసుకురా. ఇంట్లోవాళ్ళు పనికిరారు, పొరుగువాళ్ళు కావాలి."

తలుపు దగ్గర తమ్ముడు చెవులదాకా నవ్వుతూ నిలబడ్డాడు. "కిటికీ సీటు ఖాళీనే ఉన్నది అక్కా" అన్నాడు మెల్లగా.

నాకు ఒళ్ళు మండి, లేచి పక్కింటి తలుపు బాదాను. ఆంటీ మోచేతి దాకా అట్ల పిండితో వచ్చింది. "ఆంటీ, తొందరగా రండి. ఒక మేడమ్ అడుగుతోంది. మేం అయిదేళ్ళ నుంచి ఇక్కడే ఉన్నామని చెప్పండి చాలు" అన్నాను. తొందరలో నేను చెప్పింది అంతే.

ఆంటీ లాప్‌టాప్ ముందుకి వచ్చింది. నల్లకోటు, అరబ్ మొహం, ఆఫీసు, స్టాంపు చూసింది. చటుక్కున పైట సర్దుకుంది, పిండి చేత్తోనే.

"ఈ కుటుంబం మీకు తెలుసా?" అంది మేడమ్ ఇంగ్లీషులో, తెచ్చిపెట్టుకున్న గంభీరంతో.

"తెలుసు మేడమ్! వెరీ గుడ్ ఫ్యామిలీ!"

"ఇల్లు ఉందా?"

"ఉంది మేడమ్. ఒకటే ఫ్యామిలీ. నో పార్టిషన్!" అంది ఆంటీ. ఆవిడ వెనకే ఇంటిని కోసిన చెక్క గోడ ఉంది.

"ఏమైనా పండించారా?"

ఈ ప్రశ్నకి ఆంటీ ఒక్క క్షణం తికమకపడింది గాని తగ్గలేదు. "కరివేపాకు, గోంగూర, మునగ. అన్నీ కుండీల్లోనే మేడమ్, రోడ్డు మీద ఏమీ లేదు."

మేడమ్ పెదవి కొరుక్కుని తల వంచుకుంది. తరవాత చివరి ప్రశ్న అడిగింది. "ఈ అయిదేళ్ళలో వీళ్ళు ఆరు నెలలకి మించి ఎక్కడికైనా వెళ్ళారా?"

వంటింట్లో అమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది. ఆంటీ మొహం తెల్లబోయింది. మరుక్షణం ఆవిడ నడుం నిటారైంది, పిండి చెయ్యి పైకి లేచింది.

"నో మేడమ్! నెవర్! ఒక్క రోజు కూడా వెళ్ళలేదు. పెళ్ళికి వెళ్ళలేదు, చావుకి వెళ్ళలేదు. నేను రోజూ చూస్తాను. ఈ పిల్ల తల్లి ఇక్కడే ఉంది. దేవుడి మీద ఒట్టు, నా పిల్లల మీద ఒట్టు!"

మేడమ్ ఇక ఆగలేకపోయింది. కళ్ళజోడు తీసి, కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. క్లాసు మొత్తం నవ్వింది. "ఆ రోజుల్లో భూమి ఆఫీసుల్లోనూ సాక్షులు ఇలాగే చెప్పేవాళ్ళు పిల్లలూ. పక్కవాడి పొలం పోకూడదని ఒట్టేసి మరీ చెప్పేవాళ్ళు. ఇది ఏ పుస్తకం నుంచీ రాదు" అని, ఠప్పున స్టాంపు కొట్టి, ఆ కాగితం తెరకి చూపించింది. నూట అరవై ఎకరాలు నావే. తమ్ముడు నోరు మూసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. నా చదువుల్లో అంత తీయని నిమిషం మళ్ళీ రాలేదు.

లాప్‌టాప్ మూసేశాక ఆంటీ సోఫాలో కూలబడింది. అమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. అప్పుడు నేను అసలు సంగతి చెప్పాను, అది పాఠమని, ఆవిడ మా టీచరని.

"ఏవే! పాఠం కోసం నా చేత పిల్లల మీద ఒట్టేయించావా!" అని నా నెత్తిన మొట్టింది. అట్ల పిండి నా జుట్టంతా అయింది. "నేనింకా మీ అమ్మని పంపించేస్తారేమో అనుకుని... గుండె ఆగినంత పనైంది కదే!"

అమ్మ నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది. "వదినా, నా కోసం గంత అబద్ధమాడితివా" అంటూ ఆవిడ పిండి చేతులు పట్టుకుంది. మార్కుల మాట ఆ సాయంత్రం మళ్ళీ తలుచుకున్నట్టు గుర్తులేదు. పాసయ్యాను. పన్నెండుకి వెళ్ళాను. కిటికీ పక్క సీటు ఎవరికి పోయిందో తమ్ముడినే అడగాలి.

పోయిన ఏడాది అంకుల్ కంపెనీ మూతపడి, ఆంటీ వాళ్ళు ఇక్కడి లెక్కలన్నీ ఖలాస్ చేసుకుని రాజమండ్రి వెళ్ళిపోయారు. మధ్యలో ఒకసారి ఆంటీ కూతురి కాన్పుకని వెళ్ళి చాలా నెలలు ఉండిపోయింది గాని, అదీ ఇదీ కలుపుకుంటే పన్నెండేళ్ళ కాపురం. పెట్టెలు వాన్‌లో ఎక్కించాక ఆంటీ నా బుగ్గ గిల్లి, "సాక్ష్యాల చదువు చదివావుగా అమ్మాయ్. ఎవరైనా అడిగితే మేం ఇక్కడ ఉండేవాళ్ళమని చెప్పు" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

నెల తిరక్కుండానే ఆ భాగంలోకి కొత్తవాళ్ళు దిగారు. గుంటూరు నుంచి వచ్చిన జంట. ఒక రోజు ఆ కొత్తావిడ వాకిట్లో కుండీ చూపించి, "ఈ కరివేపాకు చెట్టు ఎవరిదండీ, ఇంత ఏపుగా ఉంది?" అని అడిగింది.

అడిగింది చెట్టు గురించే. నేను మొత్తం చెప్పాను. ఆ చెట్టు ఎవరు పెట్టారో, ఏ ఎండల్లో ఏ నీళ్ళు పోసి బతికించారో, అవతలి గదిలో ఎవరు పడుకునేవారో, పండక్కి పూర్ణాలు మా గోడ మీద నుంచి ఎన్ని గిన్నెల్లో వచ్చేవో, అన్నీ. ఆవిడ పాపం మొహమాటానికి వింటూ నిలబడింది. ఈ పన్నెండేళ్ళలో వాళ్ళు ఎప్పుడైనా ఆరు నెలలు ఇక్కడ లేకుండా వెళ్ళారా అని మాత్రం ఆవిడ అడగలేదు. అడిగితే, ఒక్క రోజు కూడా వెళ్ళలేదని చెప్పేదాన్ని.