ఆఫ్రికాన్స్ పాఠానికి అంబులెన్స్ వచ్చింది

మొన్న పొద్దున ఏ జబ్బూ లేని నన్ను అంబులెన్స్ ఎక్కించారు! నేను చేసిన నేరం ఏంది? పాఠం చదువుకోవడం!

మా బొగ్గుగనికి కొత్త యంత్రం వచ్చింది. దాన్ని నడిపి చూపించడానికి దక్షిణాఫ్రికా నుంచి ఇంజనీరు వస్తున్నాడు. ఆయన్ని గనిలోకి తీసుకుపోయే పని మేనేజరు నాకే ఇచ్చాడు. బొగ్గు తట్టలు మోసి, సమ్మెల్లో లాఠీదెబ్బలు తిని, రాత్రిబడిలో ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. వచ్చే మనిషిని ఆయన భాషలోనే పలకరిద్దామనుకున్నా. కారేపల్లి నుంచి వచ్చిన మా అల్లుడు నెట్ సెంటర్‌లో అక్కడి భాష ఆఫ్రికాన్స్ పాఠాలు ప్రింట్ తీసిచ్చాడు. ఇంగ్లీషు తెలిసినవాళ్ళ కోసం రాసినవి.

వ్యాకరణం చూసి మురిసిపోయా! నేనొచ్చినా, నువ్వొచ్చినా, వాళ్ళొచ్చినా క్రియ మారదు. షిఫ్టు దిగి పైకొచ్చాక మా అందరి మొహాలూ ఒక్కటే అయినట్టు! ఇక 'కాదు' అనాలంటే నడుమ ఒకసారి, వాక్యం చివర మళ్ళీ ఒకసారి అనాలి. యూనియన్ చర్చల్లో నేను మాట్లాడేది అట్లనే కదా!

చిక్కంతా ఇంగ్లీషు 'జి' అక్షరంతో వచ్చింది. దాన్ని ఉర్దూ 'ఖ' కన్నా లోతుగా, గొంతు గీరుకుంటూ పలకాలట. పొద్దుటి పలకరింపే "ఖ్ఖుయె మోర". పెరట్లో గోడ పట్టుకుని, వంగి, సాధన మొదలుపెట్టా. "ఖ్ఖ్... ఖ్ఖ్ఖ్..."

"వదినా, అన్నకు బొగ్గుదుమ్ము పట్టినట్టుంది!" పక్కింటి లక్ష్మి అరిచింది.

అట్లాంటి దగ్గు మొదలైన ఇల్లు ఏమైతదో మా కాలనీలో అందరికీ తెలుసు. నా భార్య సరోజ చీపురు పారేసి పరుగెత్తింది. నేను రెండో పాఠం తిప్పేసరికి గేటు ముందు అంబులెన్స్!

"ఏందే ఇది?"

"మాట్లాడకయ్యా! ఊపిరి దాచుకో!" అని ఒకటే ఏడుపు.

దవాఖానాలో డాక్టరు అడిగాడు: "ఎన్ని రోజుల నుంచి ఈ దగ్గు?"

"దగ్గు కాదు సార్, ఆఫ్రికాన్స్!"

డాక్టరు సరోజ వైపు చూశాడు. "జ్వరం కూడా ఉన్నదామ్మా?"

నాకు మండింది. "వినండి సార్!" అని ఉన్న బలమంతా పెట్టి "ఖ్ఖ్ఖుయె మోర!" అన్నా.

ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. "ఎక్స్‌రే! జల్దీ!"

ఊపిరితిత్తుల్లో ఏమీ లేదు. గొంతు మాత్రం వాచింది. "వారం దాకా గొంతెత్తొద్దు, ఉప్పునీళ్ళు పుక్కిలించు" అన్నాడు. ఫిట్ కాగితం రాయలేదు. అది లేనిదే గనిలోకి దిగనివ్వరు!

ఇంజనీరు మర్నాడే వచ్చాడు. నా బదులు నా కింద పనిచేసే యాదగిరి తీసుకుపోయాడు. వాడికొచ్చింది ఒక్క 'హలో'. సాయంత్రం నవ్వుకుంటూ మా ఇంటికొచ్చాడు.

"అన్నా, ఆయన జీపు దిగంగనే నాకు దండం పెట్టి, 'నమస్కారం, బాగున్నారా' అన్నడే! మనకోసం తెలుగు నేర్చుకొని వచ్చిండు!"

గట్టిగా తిడదామనుకున్నా. గొంతెత్తొద్దు కదా! పెరట్లోకి పోయి, నోటి నిండా ఉప్పునీళ్ళు పోసుకుని, తల వెనక్కి వాల్చి గొంతులో గరగరలాడించా. ఎంత గీరినా సరిగ్గా రాని ఆ పాడు అక్షరం, పుట్టుకతో వచ్చినంత చక్కగా పలికింది!

ఏం లాభం? ఉమ్మేశా.