చాలక్కా, పెద్దాయన మొక్కా

చాలక్కకి ఒక్కటే పిచ్చి. ఎవరు దేంట్లో నీళ్లు పోస్తున్నా సరే, వెళ్లి చెయ్యి పట్టుకుని "చాలు!" అనాలి. కుండీలో పోసినా, పొయ్యి మీది గిన్నెలో పోసినా, చంటిపిల్ల నెత్తిన పోసినా అదే మాట. ఆమె పనిచేసే అచ్చు ప్రెస్సులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఒకసారి వాన దంచి కొడుతుంటే ఆమె గుమ్మంలోకి వెళ్లి, "ఇంక చాలు, వేళ్లు కుళ్లుతాయి" అని ఆకాశాన్ని కసిరిందనీ, వాన టక్కున ఆగిపోయిందనీ మిషను మేస్త్రి ఒట్టేసి చెబుతాడు.

"ఎక్కడాగింది? నేను ఇంటిదాకా తడుస్తూనే పోయాను" అంటుంది ఆమె మరదలు.

మరదలంటే చాలక్క తమ్ముడి భార్య. అదే ప్రెస్సులో వెనకగదిలో పుస్తకాలకి జిగురు రాసి అట్టలు అంటిస్తుంది. వదిన మీద ఆమెకి చెప్పలేనంత ప్రేమ, చెప్పుకోలేనంత కోపం. కోపానికి కారణం ఉంది.

చాలక్క ప్రూఫులు దిద్దేది. ముందుగదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. ఒకరోజు యజమానిగారి మేనల్లుడు ఉద్యోగంలో చేరాడు. కుర్రాడికి ఆలోచించుకోవడానికి వెలుతురు కావాలట. ఆ బల్ల అతనికిచ్చి, చాలక్కని వెనకగదిలోకి వెళ్లమన్నారు. ఆ కుర్రాడు ఆ రోజు నుంచి కళ్లు మూసుకునే ఆలోచిస్తున్నాడు. మధ్యమధ్య గురక కూడా వినిపిస్తుంది. మరి చాలక్క? ఎర్ర పెన్నూ, కళ్లజోడూ తీసుకుని కిమ్మనకుండా నడిచొచ్చింది.

"ఏం వదినా, నోట్లో నాలుక లేదా నీకు? వానని కసురుతావు, ఆయన్ని కసరలేవా?"

"ట్యూబులైటుందిగా. అక్షరం కనిపిస్తే చాలు."

"ఇక్కడ కూడా చాలేనా!" అని నెత్తి కొట్టుకుంది మరదలు.

వెనకగదికి కిటికీ లేకపోలేదు. తూర్పువైపు నిక్షేపంలాంటి కిటికీ ఉంది. కాకపోతే దానికి మేకులు కొట్టేసి, అడ్డంగా ఇనప బీరువా పెట్టి, అమ్ముడుపోని పాత డైరీలు అందులో కుక్కారు. గడిచిపోయిన సంవత్సరాలకి అంత భద్రత, బతికున్న మనుషులకి జిగురు వాసనా, కాగితం ధూళీ! ఆ గదిలో ఉన్న ముగ్గురు ఆడవాళ్లూ ఒకళ్ల తర్వాత ఒకళ్లు దగ్గుతూనే ఉంటారు. మరదలి దగ్గు మరీ ముదిరింది. గాలాడే చోట పని చెయ్యి, లేదా ఆ పని మానెయ్యి అన్నాడు డాక్టరు. మానెయ్యడం ఆమెకి సుతరామూ ఇష్టం లేదు. ఆ పని తనకి చేతనైనది, తన కాళ్ల మీద తనని నిలబెట్టినది. అందుకని ధైర్యం తెచ్చుకుని యజమాని దగ్గరికి వెళ్లింది.

"కిటికీ తెరిస్తే దుమ్మొస్తుందమ్మా. కాగితాలెగురుతాయి. దొంగలు పడతారు. అయినా చిన్న దగ్గు, దానికింత గొడవేంటి?" అన్నాడాయన.

ఆయన దగ్గరా ఒక మొక్క ఉంది. దళసరి ఆకులు గులాబీ రేకుల్లా చుట్టుకుని ఉండే రకం. దుకాణాల్లో సక్యులెంటు అని అమ్ముతారు. రక్తపోటు తగ్గాలంటే రోజూ కాసేపు పచ్చదనం చూడమని ఎవరో చెబితే కొనుక్కున్నాడు. దాన్ని చూసుకుంటూ, మురిసిపోతూ, పొద్దున ఒక గ్లాసు, సాయంత్రం ఒక గ్లాసు నీళ్లు పోస్తాడు. ఒకనాడు అడుగునున్న ఆకు పసుపు రంగుకి తిరిగింది. ఆయన కంగారుపడి మధ్యాహ్నం ఇంకో గ్లాసు పెంచాడు. మూడు ఆకులు తిరిగాయి. రక్తపోటు కూడా పెరిగింది.

చూడండి మరి లోకం తీరు! ముగ్గురు మనుషులు దగ్గుతుంటే కదలని వాడు, మూడు ఆకులు పసుపెక్కితే ప్రెస్సంతా ఉరుకులు పెట్టించాడు.

"చాలక్కని పిలవండి!"

చాలక్క వచ్చింది. వెనకే తమాషా చూద్దామని మరదలూ వచ్చింది. వదిన ఏమంటుందో అందరికీ తెలుసు. పసుపాకు చూపిస్తే ఆమె నోట ఒక్కటే మాట వస్తుంది: నీళ్లెక్కువయ్యాయి. మరదలి కొడుక్కి మార్కులు తగ్గితే కూడా అదే అంది. "ఇరవైనాలుగ్గంటలూ పక్కన కూర్చుని చదివిస్తుంటే వేళ్లు కుళ్లవూ? వాణ్ణి కాస్త ఆరనియ్యవే!"

చాలక్క కుండీ ఎత్తి చూసింది. అందమైన పింగాణీ కుండీ, అడుగున చిల్లు లేదు. ఆకు మీద వేలు పెట్టింది. నానిన అట్టలా మెత్తగా జారి చేతిలోకొచ్చింది. గ్లాసు పట్టుకుని నిలబడ్డ యజమాని వైపు చూసింది. మేస్త్రి నవ్వాపుకోడానికి మూతికి గుడ్డ అడ్డం పెట్టుకున్నాడు.

"ఏమ్మా? జబ్బేమిటి?"

చాలక్క ఊడొచ్చిన ఆకుని ఆయన బల్ల మీద పెట్టింది.

"గాలి లేదండి. వెలుతురు లేదు. ఇలాగే ఉంటే బతకదు."

మేస్త్రి మూతి మీది గుడ్డ జారిపోయింది. మరదలికి నమ్మకం కుదరక వదిన మొహంలోకి చూసింది. చాలు అనలేదు! నీళ్ల ఊసే ఎత్తలేదు!

"అయితే మావాడి కిటికీలో పెడదాం" అన్నాడు యజమాని.

"అది పడమటి కిటికీ అండి, మధ్యాహ్నం ఎండకి మాడిపోతుంది. దీనికి పొద్దుటి ఎండ కావాలి. ఈ భవనంలో తూర్పు కిటికీ ఒక్కటే ఉంది."

"ఎక్కడ?"

"డైరీల వెనకాల."

గంట తిరక్కుండా వడ్రంగి వచ్చాడు. బీరువా జరిగింది. మేకులు ఊడాయి. దుమ్ము మాటా, ఎగిరే కాగితాల మాటా, దొంగల మాటా ఎవరికీ గుర్తు రాలేదు. తలుపులు కిర్రుమని తెరుచుకుంటే వెలుతురు వచ్చి జిగురు డబ్బాల మీద పడింది. ముగ్గురూ పని ఆపి నిలబడిపోయారు.

మరదలు మాత్రం ఇంటికెళ్లే దారంతా సణిగింది. "నేను ప్రాణం పోయేలా దగ్గినా నువ్వొక్క మాట అనలేదు. ఆ మొక్క కోసం మాత్రం నోరు పెగిలింది. మొక్కపాటి చెయ్యనా వదినా నేను?"

"నోరు మూసుకుని నడు. దమ్ము పోతుంది" అంది చాలక్క.

ఇక వైద్యం మొదలైంది. కుండీ మార్చింది, నల్లబడ్డ వేళ్లు కత్తిరించి ఆరబెట్టింది, ఇసక కలిపిన పొడిమట్టిలో నాటింది. యజమాని రోజూ వచ్చి మొక్కని పరామర్శించేవాడు. వచ్చినప్పుడల్లా ఆయనకీ దగ్గొచ్చేది.

"ఇదేం వాసనమ్మా?"

"జిగురండి. మొక్కకి పడదేమోనని నా భయం."

మర్నాడు గోడకి ఫ్యాను బిగించారు, లోపలి గాలి బయటికి లాగేది. ఆయన గ్లాసు తెచ్చినప్పుడు మాత్రం చాలక్క చెయ్యి పట్టేసేది. "చాలు!" ఆయన బుద్ధిగా ఆ నీళ్లు తనే తాగి వెళ్లిపోయేవాడు.

మొక్క తేరుకుంది. మరదలి దగ్గూ తగ్గుముఖం పట్టింది. అంతా బాగుందనుకుంటుండగా ఒకరోజు యజమాని చేతులు రుద్దుకుంటూ వచ్చాడు.

"భేషుగ్గా ఉందమ్మా! నా బల్ల మీదికి తీసుకుపోతాను. బీరువా మళ్లీ యథాస్థానంలో పెట్టించేద్దాం."

మరదలి చేతిలో జిగురు కుంచె ఆగిపోయింది. గొంతులో దగ్గు అప్పుడే కదిలినట్టయింది.

"తీసుకెళ్లండి సార్, మీ మొక్క. కానీ ఇప్పుడు కదిలిస్తారా?" అంది చాలక్క తాపీగా. "బాలింత సార్!"

"ఎవరు?"

ఆమె కిటికీ గట్టు చూపించింది. గట్టు పొడుగునా పాత టీ కప్పులు. రాలిన ఆకుల్లో మంచివి ఏరి ఆమె ఎప్పుడో ఆ కప్పుల్లో పొడిమట్టి మీద పరిచింది. ఒక్కో ఆకు మొదట్లో గోరంత పిల్లమొక్క, పట్టుదారంలాంటి గులాబీ వేళ్లు.

యజమాని కళ్లజోడు సవరించుకుని వంగి చూశాడు. "ఇవన్నీ... దీని పిల్లలే?"

"అవునండి. తల్లీపిల్లలకి ఈ ఎండా ఈ గాలీ అలవాటయ్యాయి. ఇప్పుడు కిటికీ మూస్తే పసుపెక్కుతాయి."

పసుపు మాట వినగానే ఆయన చెయ్యి గుండె మీదికి పోయింది. "వద్దొద్దు! ఆ బీరువా అమ్మేయండి. పిల్లలు పెద్దయ్యాక చూద్దాం."

ఆయన వెళ్లాక మరదలు వదినని మూలకి లాగింది.

"నిజం చెప్పు. ఆ రోజు దానికొచ్చిన జబ్బేంటి?"

"నీళ్లెక్కువయ్యాయి."

"మరి గాలి లేదు, వెలుతురు లేదు, బతకదు అన్నావ్!"

"అన్నాను. మొక్క గురించి అని ఆయన అనుకున్నాడు." చాలక్క ఎర్ర పెన్ను మూత తీసి ప్రూఫు ముందుకి లాక్కుంది. "నీ పేరు చెబితే తెరవని కిటికీ దాని పేరు చెబితే తెరుచుకుంది. మనకి కావలసింది గాలే కదే!"

మరదలికి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ కలిసి గొంతుకి అడ్డంపడితే కూజా దగ్గరికి పరుగెత్తి గ్లాసు నింపుకోబోయింది. వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి పట్టుకుంది.

"చాలు!"

"తాగడానికి వదినా!"

"అయితే తాగు."

పిల్లలు పెద్దయ్యాయి, వాటికి పిల్లలు పుట్టాయి. ఆ గట్టు మీద ఎప్పుడూ ఎవరో ఒకరు బాలింతే. కిటికీ ఇప్పటికీ తెరిచే ఉంది.

చదువుతున్న మీకొక మాట. రేపు పనికి వెళ్లినప్పుడు మీ ముందుగది దాటి వెనకగదిలోకి ఒకసారి నడవండి. అక్కడ ఎవరు కూర్చున్నారో, వాళ్లకి గాలాడుతుందో లేదో చూడండి. మూసిన కిటికీ ఉంటే తెరవమని అడగండి, వాళ్లతో కలిసి అడగండి, ముందు మనుషుల పేరు చెప్పే అడగండి. అప్పటికీ వినకపోతే చాలక్క దగ్గరికి రండి. ఒక కప్పులో పిల్లమొక్క పెట్టి ఇస్తుంది. వచ్చేటప్పుడు చేతిలో గ్లాసు మాత్రం లేకుండా చూసుకోండి.