నలిపి చూసిన పెట్రోలు

ఎమ్మిగనూరు నేతగాడు ఓబులేష్ నూలును వేళ్ల మధ్య నలిపి మంచిచెడ్డలు చెప్పేస్తాడు. పాత కారొకటి కొన్నాక పెట్రోలునూ అలాగే నలిపి, వాసన చూసి, ఊళ్లో బంకులేవీ పనికిరావని తేల్చేశాడు. ఆదోని దారిలో, ఇరవై కిలోమీటర్ల అవతల ఉన్న బంకొక్కటే ఆయన పరీక్షలో నెగ్గింది. ప్రతి ఆదివారం అక్కడికి వెళ్లి ట్యాంకు నింపుకొస్తాడు. వారమంతా కారు కదలదు కాబట్టి, నింపేదల్లా ఆ రానుపోను ఖర్చయిన పెట్రోలే. అంతే దూరంలోని మంత్రాలయం పోదామని భార్య మద్దమ్మ అడిగితే మాత్రం, "ఇంత మంచి పెట్రోలు ఊరికే కాల్చేదా?" అంటాడు.

మొన్న ఆదివారం మద్దమ్మ కొత్తచీర కట్టుకుని, చిత్రాన్నం డబ్బాతో వచ్చి ముందు సీట్లో కూర్చుంది.

"యాడికి పోతాండావు?" అన్నాడు ఓబులేష్.

"బంకుకే. మన కారుకు తెలిసిన పుణ్యక్షేత్రం అదొక్కటే కదా!"