లెక్కల పరీక్షకు మూడు ముళ్లు

1962 వేసవి సెలవుల తరువాత నన్ను కొత్తకోట దగ్గరి ఒక ఊరి ఉన్నత పాఠశాలకు లెక్కల టీచరుగా బదిలీ చేశారు. హోదా సెకండరీ గ్రేడు, అంటే ఏడో తరగతి వరకే నా అజమాయిషీ. ఆ ఏడో తరగతికి జిల్లా అంతటా ఒకే ప్రశ్నపత్రం వచ్చేది. తప్పినవాళ్లకు పై తరగతి లేదు.

నా ఏడో తరగతిలో మల్లమ్మ అనే పిల్ల ఉండేది. వాళ్ల బాపు బాలయ్య గొర్లకాపరి. నేను బోర్డు మీద లెక్క రాయడం పూర్తికాకముందే ఆ పిల్ల జవాబు చెప్పేసేది. కాగితం మీద మాత్రం అన్నీ సగాలే. అర్ధసంవత్సర పరీక్షలో అన్నిటికంటే కష్టమైన లెక్కను రెండు పద్ధతుల్లో చేసి, సులువైనవి ముట్టుకునేలోపే చివరి గంట కొట్టేశారు. తప్పింది. హెడ్మాస్టరు గారు సోమరిపోతు అన్నారు. నాకు ఒళ్లు మండింది. సోమరి పిల్ల ఒకే లెక్కను రెండుసార్లు చేస్తుందా?

బాలయ్య బడికి వచ్చి తేల్చి చెప్పాడు.

"పెద్ద పరీక్షల గూడ గిట్లనే అయితే మల్ల బడి ముచ్చట తియ్యకుండ్రి టీచరమ్మా. గొర్లెంబడి పోతది."



ఒకరోజు ఆమె ఓణీ కొంగుకు ముడి కనిపించింది. ఎందుకని అడిగాను. "ఏదో యాదికుండాలెనని ఏసిన టీచర్. ఏందో యాదికొస్తలేదు," అంది. నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ పిల్లకు కావలసింది తెలివి కాదు, పనికి ఒక వరుస అని అప్పుడు తట్టింది. ఎక్కడ మొదలుపెట్టాలి, దేన్ని పక్కన పెట్టాలి, ఎప్పుడు వదిలేసి ముందుకు పోవాలి అన్నవి మేము ఏ పాఠంలోనూ చెప్పేవాళ్లం కాదు.

ఆ ముడినే పట్టుకున్నాను. కొంగుకు మూడు ముళ్లు వేయించాను. మొదటిది, కలం ముట్టకుండా ప్రశ్నపత్రం మొత్తం చదవడానికి. రెండోది, తెలిసిన చిన్న లెక్కలు ముగించి పెద్దవాటికి పోవడానికి. మూడోది, చేసినదంతా సరిచూడడానికి. ఒక పని పూర్తయితేనే దాని ముడి విప్పాలి. హెడ్మాస్టరు గారు చూసి, మూడు ముళ్లంటున్నారు, పెళ్లి ఎవరితోనని వేళాకోళం చేశారు. లెక్కలతోనని చెప్పాను. మొదట్లో మల్లమ్మ తొందరపడి మూడూ ఒకేసారి విప్పేసేది. మళ్లీ వేయించి కూర్చోబెట్టేదాన్ని. ఇద్దరం మొండివాళ్లమే కనుక సాగింది.

వార్షిక పరీక్ష పక్క ఊరి కేంద్రంలో జరిగింది. ఆడపిల్లలకు తోడు వెళ్లి నేను బయట కూర్చున్నాను. లెక్కల పేపరు రోజు గదిలో కాపలా ఉన్న ఇన్విజిలేటరుకు ఆ ముళ్ల మీద అనుమానం వచ్చిందట. లోపల చీటీలున్నాయేమోనని పరీక్ష మొదలుకాకముందే మూడూ విప్పించారట. ఏమీ దొరకలేదు. మల్లమ్మ బయటికి వచ్చి ఈ సంగతి చెప్పింది. ఇక అంతా పోయినట్టేనా అన్నాను.

"ముళ్లు పోయినయ్ గని వరుస యాడికి పోతది టీచర్? అన్ని చేసిన. మల్ల చూసుకున్న గూడ. జర పొద్దు మిగిలితే ఊకెనే కూసున్న."

ఫలితాలు వచ్చాయి. మా బడిలో లెక్కలకు మొదటి మార్కు ఆమెదే. నాకు కాలు నేల మీద నిలవలేదు. ఫలితాల కాగితం పట్టుకుని హెడ్మాస్టరు గారి గది చుట్టూ ఊరికే రెండుసార్లు తిరిగాను. మరునాడు బాలయ్య పిలవకుండానే వచ్చాడు. "ఎనిమిదిల చేర్పియ్యాలె. ఏలుముద్ర యాడ పెట్టాలె?" అని బొటనవేలు చాపి నిలబడ్డాడు.

తరువాత నేను పనిచేసిన ఏ బడిలోనూ తెలివైన పిల్లను సోమరి అననివ్వలేదు. పనిని వరుసలో పెట్టుకోవడం పుట్టుకతో వచ్చేది కాదు, లెక్కలాగే నేర్పవలసిన పాఠం. అది వచ్చిందో లేదో తెలియాలంటే మనం ఇచ్చిన ఆసరా తీసేసి చూడాలి.