ఫోర్కు మెడకు నల్లగాజులు

ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు మా నాయన పనిముట్లు కడగడం మొదలుపెట్టాడు. ఏటా ఆయుధ పూజ నాడు చేసే పనే అది. తాపీ, రసమట్టం, సుత్తి, తూకపు గుండు తొట్టి పక్కన వరుసగా పెట్టి, కొబ్బరిపీచుతో తోమి, చివరికి నా దగ్గరికి వచ్చి చేయి చాపాడు. నా చేతిలో ఇనుము కోసే రంపం ఉంది. ఇంకొక్క పావుగంట ఉంటే దానితో నా పని తీరిపోయేది. "ఇట్ల ఇయ్యిరా. దానికీ ఒక దినము లీవు ఉండాల" అన్నాడు. ఇచ్చాను.

ఆ రోజుల్లో నాకు ఉద్యోగం కంటే సైకిలు ముఖ్యం. ఉద్యోగం ధర్మపురి బస్టాండు దగ్గర ఒక సెల్‌ఫోన్ల అంగట్లో. సైకిలు బెంగళూరు నుంచి తెచ్చుకున్న పాత మౌంటెన్ బైకు, ముందూ వెనకా స్ప్రింగులున్నది. మా వీధివాళ్లు దాన్ని మంచం అనేవాళ్లు. విజయదశమి పొద్దున ఇండూరు దగ్గర రాళ్ల క్వారీ బాటలో కుర్రాళ్లు ఒక పోటీ పెట్టుకునేవాళ్లు. గుట్ట ఒకవైపు ఎక్కి, రెండోవైపు రాళ్ల మీద దిగాలి. ఆ మంచం మీద నేను రెండేళ్లు దిగాను, రెండేళ్లూ పడ్డాను. రెండుసార్లూ గెలిచింది మా అక్క మొగుడు. ఆయన ఇండూరులో ట్రాక్టర్లు బాగుచేసేవాడు, ఒక్క స్ప్రింగు కూడా లేని సైకిలు తొక్కేవాడు. రెండో ఏడు నన్ను ముళ్లకంపలోంచి బయటికి లాగింది కూడా ఆయనే. లాగుతూ, "మంచం మింద పండుకుంటారు మచ్చాన్, పందెం పోరు" అన్నాడు. (మా వైపు బావమరిదిని మచ్చాన్ అని పిలవకపోతే చుట్టరికం చెడినట్టే. అది తమిళమని ఎవరికీ గుర్తుండదు.) ఆ సాయంత్రం నా మోచేతికి పసుపు అద్దుతూ మా నాయన చెప్పేశాడు. "వచ్చే ఏడు కూడా పడితే ఇది ఇంట్లో ఉండేది లేదు. అమ్మేసి పనికొచ్చే బండి తీసుకో." మా నాయన మేస్త్రీ. పెట్టిన ఇటుకను మళ్లీ కదిలించే అలవాటు ఆయనకు లేదు.

ఏడాదంతా చదివి నేను కనిపెట్టిందేమిటంటే, తప్పు నాది కాదు, ముందు చక్రాన్ని పట్టుకునే స్ప్రింగు ఫోర్కుది. (చదువు వల్ల అప్పట్లో నాకు కలిగిన లాభం ఇలాంటిదే ఎక్కువ.) అది కొంచెం కుంగి ఆగిపోతోంది, రాయి దెబ్బ నేరుగా చేతులకు వస్తోంది. ఇంకా లోతుగా కుంగే పొడవాటి ఫోర్కు వేస్తే రాళ్లన్నీ అదే మింగేస్తుంది. అలాంటిదొకటి బెంగళూరులో ఎవరో వాడినది దొరికింది, బస్సులో పార్సెల్ వచ్చింది, సరిగ్గా పూజకు ముందురోజు. తెల్లవారగానే పాతది ఊడదీసి కొత్తది ఎక్కించాను, చక్రం పెట్టాను, బ్రేకు కట్టాను. సైకిలు ముందుభాగం పైకి లేచి, సీటు వెనక్కి వాలి, బండి మొత్తం ఆకాశం చూస్తున్నట్టు నిలబడింది. మా అమ్మ చూసి, "ఇది కూర్చునేదా, పండుకునేదా?" అని అడిగింది. మిగిలింది ఒక్క పని. ఫోర్కు మెడ గొట్టం హ్యాండిల్ పైన నాలుగు వేళ్ల ఎత్తు మిగిలిపోయింది. దాన్ని కోసి పైన మూత బిగిస్తేనే ముందుభాగం గట్టిపడుతుంది. లేకపోతే లోపల లొడలొడలాడుతుంది, రాళ్ల మీద దిగితే చక్రం ఎటు పోతుందో చెప్పలేం. రంపం మీద అప్పటికే గంధం బొట్లు పడ్డాయి.

బండ్లకు సాయంత్రమే నిమ్మకాయలు తొక్కించి వదిలేస్తారు. చేతి పనిముట్లకు మాత్రం మరుసటి రోజు మళ్లీ పూజ అయ్యేదాకా సెలవు. ఆ పూజకు నాయన పెట్టిన ముహూర్తం తొమ్మిది దాటాక. పోటీ ఏడింటికి. ఊళ్లో తిరిగి చూశాను. సైకిలు షాపులో పనిముట్లకు దండ వేసి ఉంది, లేతు పట్టర షెడ్డులో యంత్రానికి దండ వేసి ఉంది, ఇనుప సామాన్ల అంగడి మూసి ఉంది. అడిగిన ప్రతిచోటా చేతిలో ఇంత పొరి (మరమరాలే), వేయించిన శనగలు పోసి పంపారు. ఇంటికి వచ్చేసరికి రెండు జేబులూ నిండాయి.

అప్పుడు మా అవ్వ అరుగు దిగి వచ్చింది. నాయన తల్లి. కడత్తూరు సంతలో గాజులు అమ్మేది. గంప నెత్తిన పెట్టుకుని ఆమె బస్సెక్కితే కండక్టరు కూడా జరిగి చోటిచ్చేవాడు. చేయి ఒకసారి నొక్కితే సైజు తప్పకుండా చెబుతానని ఆమె చెప్పుకునేది. అది ఆమె చెప్పుకున్నంత తరచుగా నిజమయ్యేది కాదు. ఆ రోజు ఆమె గంప కూడా పూజలోనే ఉంది, నాయన తాపీ పక్కన. నా కష్టమంతా విని, మిగిలిన గొట్టాన్ని బిడ్డ మణికట్టులా రెండుసార్లు నొక్కింది.

"కోయలేకపోతే నింపరా. ఏడాది బిడ్డ సైజు" అంది.

గోడ మేకుకు వేలాడుతున్న గుత్తిలోంచి ఇత్తడి గాజులు తీసి గొట్టానికి తొడిగింది. అవి వదులై పక్కకు జారిపోయాయి. "బిడ్డ బక్కది" అని, పురిటి బిడ్డలకు దిష్టి తగలకుండా వేసే చిన్న నల్ల ప్లాస్టిక్ గాజులు తెచ్చింది. అవి ఒకదాని మీద ఒకటి బుద్ధిగా కూర్చుని గొట్టం కొస దాకా నిండాయి. ఇక వాటిని నొక్కి పట్టేలా మూత బిగించాలి. ఫోర్కుతో పాటు వచ్చిన, మరలు బిగించే చిన్న అలెన్ కీ బయటికి తీసేసరికి నాయన వచ్చేశాడు.

"పూజ దినము పని చేస్తాండారా?"

"పని యాడిది? బిడ్డకు గాజులు తొడుగుతాండా. మంచి దినమే కదా" అంది అవ్వ.

"గాజులు నీ పనిముట్లు కాదా?"

"గంప పనిముట్టు. గాజులు సరుకు. సరుకుకు పూజ ఎవురు చేసినారు?"

"వాని చేతిలో ఉండేది?"

అవ్వ ఆ అలెన్ కీని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది నిన్న వచ్చింది. మన ఇంట్లో ఇంకా ఒక దినము కూలి చేయలేదు. కూలి చేయనిదానికి లీవు ఎట్ల ఇస్తావు?"

నాయన లోపలికి వెళ్లిపోయాడు. వెనక్కి తిరగకుండానే, "గట్టిగా బిగించమను" అన్నాడు. బిగించాను. ముందుభాగం రాయిలా నిలబడింది.

మరునాడు క్వారీ దగ్గర మా బావ నా సైకిలు చుట్టూ ఒకసారి నడిచి, గాజులు చూసి, అందరికీ వినబడేలా అడిగాడు. "ఏం మచ్చాన్, ఈ తూరి గాజులు తొడుక్కొని వచ్చినావా?" నవ్వనివాడు లేడు. గంప పూజలో ఉంది కాబట్టి అవ్వ ఊరికే చూడటానికి వచ్చింది. అక్క పక్కన నిలబడి, "అవి బిడ్డవి అప్పా. నీ సైజు నా కొంగులో ఉంది" అంది.

ఎక్కేటప్పుడు నా పని అయిపోయిందనుకున్నాను. పొడవాటి ఫోర్కు పుణ్యమా అని ముందు చక్రం నేలను వదిలి లేస్తోంది. సీటు కొసకు జరిగి, గడ్డం గాజులకు ఆనేంత వంగి తొక్కితే తప్ప అది దారిలో నిలవలేదు. గుట్ట పైకి చేరేసరికి బావ ఒక మలుపు ముందున్నాడు. కానీ దిగుడు మొదలయ్యాక జరిగింది మాత్రం నేను చదివినట్టే జరిగింది. నన్ను రెండేళ్లు పడేసిన రాళ్లు వచ్చాయి, ఫోర్కు కిందకి కుంగింది, లేచింది, రాళ్లు వెనక్కి పోయాయి. చేతులకు ఏమీ తెలియలేదు. గాజులు కటకటమంటున్నాయి గానీ ఒక్కటీ విరగలేదు. నేను పడిన ముళ్లకంప పక్కనే బావను దాటాను. దాటుతూ ఏదైనా మాట అనాలని ఏడాదిగా అనుకున్నాను. నోట్లో పొరి ఉంది, అనలేకపోయాను. కింద నాయన నిలబడి ఉన్నాడు. ఆయన వస్తాడని నాకు తెలియదు. సైకిలు చక్రాన్ని చేత్తో తిప్పి చూసి, "సరి, ఉండనీ" అన్నాడు. మా ఇంట్లో అంతకంటే పెద్ద మెప్పు ఎవరికీ దక్కలేదు.

బావ దుమ్ము దులుపుకుంటూ వచ్చి, తనే చేయి చాపాడు. అవ్వ ఆ చేతిని నొక్కి నొక్కి, అరచేయి ముడిచి, ఎర్ర గాజులు అరడజను ఎక్కించింది. ఈసారి సైజు తప్పలేదు. ట్రాక్టర్ గ్రీజు ఉండటం వల్ల సులువుగా ఎక్కాయని అక్క అంటుంది. ఆ రోజంతా ఆయన వాటితోనే తిరిగాడు. గెలిచినందుకు నాకిచ్చిన ఎవర్‌సిల్వర్ స్టీలు బిందెను కూడా ఆ గాజుల చేత్తోనే మా ఇంటిదాకా మోసుకొచ్చాడు.

తొమ్మిది దాటాక పూజ చేసి, నాయన రంపం మీది గంధం తుడిచి నాకిచ్చాడు. "ఇంక కోసుకో." అవ్వ వద్దంది, దిష్టికి ఉండనిమ్మంది. కోయలేదు. తర్వాత ఎప్పుడూ కోయలేదు.

అవ్వ పోయి ఏడాది కావస్తోంది. ఆ సైకిలు మీద ఇప్పుడు పాలకు వెళ్తున్నాను. ఆ దారిలో మింగడానికి రాళ్లు లేవు, అయినా ఫోర్కు ప్రతి గుంతకూ పెద్ద పని దొరికినట్టు కుంగుతుంది. గాజులెందుకని పాలబూతు దగ్గర కుర్రాళ్లు అడిగితే దిష్టికని చెబుతాను, వాళ్లు నన్ను చూసి నవ్వుతారు, నాకూ నవ్వొస్తుంది. మా నాయన ఇప్పటికీ ఆయుధ పూజ పొద్దున తాపీ, రసమట్టం, రంపం కడిగి వరుసగా పెడతాడు. గంప అటక మీద ఉంది. ఈసారి పూజకు దాన్ని దించలేదు.